జనసమూహములోని ముఖము

వీధిలోనికి వచ్చి నినాదము చేయువాడు దేనికొరకు వచ్చుచున్నాడు? పదిమంది కంటబడుటకే గదా! తన బాధను ఇంటిలో దాచుకొనలేక, ప్రభువుల చెవి సోకునట్లు చెప్పుకొనవచ్చిన వానికి ఛాయాగ్రాహకుడు మిత్రుడే కావలెను. అయినను ఆ సమూహములోనుండియే ఒక చేయి లేచి, “నా బొమ్మ తీయవద్దు” అని వారించుచుండును. ఈ రెండింటికిని పొత్తు ఎట్లు కుదురును?

ఢాకా నగరమున 1987 నవంబరు 10వ తేదీన నూర్ హొసేన్ అను యువకుడు నియంతృత్వము నశింపవలెనని రొమ్ముమీదను, ప్రజాస్వామ్యమునకు విముక్తి కలుగవలెనని వీపుమీదను తెల్లని అక్షరములతో వ్రాయించుకొని ఊరేగింపులో నడచెను. ఆనాడే కాల్పులలో మరణించెను. అతని ఛాయాచిత్రములు లేకున్నచో ఆ అక్షరములు దేహముతోనే మట్టిలో కలిసిపోయెడివి. ఎర్షాదు ప్రభుత్వము 1990లో కూలినది. ఆ బొమ్మ నేటికిని నిలిచియున్నది. తన శరీరమునే ప్రకటనగా చేసికొన్న వానిని చూడకుండుటయే అపచారము.

కాని అందరును నూర్ హొసేనులు కారు. కొన్ని సంవత్సరముల క్రిందట ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలు ధర్నా చేయుచుండగా నేను కెమెరాతో తిరుగుచుంటిని. ఒకామె కొంగు ముఖమున కడ్డము పెట్టుకొని, “వద్దు భయ్యా, మేమ్‌సాబ్ చూస్తే రేపటినుండి పనిలోకి రానివ్వరు” అనెను. ఇది బహిరంగ స్థలమనియు, ఇచ్చట ఎవరి అనుమతియు అక్కరలేదనియు నేను వాదించితిని. ఆమె బదులు చెప్పక, లేచి చివరి వరుసకు పోయి కూర్చుండెను. ఆమె పోరాటమును లోకమునకు చాటవచ్చిన నేను అందులో ఆమెకున్న చోటునే లాగికొంటినని ఇల్లు చేరిన పిమ్మటగాని నాకు తెలియలేదు.

కనబడుట వేరు, గుర్తింపబడుట వేరు. ఆమె మొదటిదానికి సమ్మతించి వచ్చినది, రెండవదానికి కాదు. పూర్వము ఈ రెండింటి నడుమ కొంత దూరముండెడిది. పత్రికలో అచ్చయిన గుంపులో ఒక ముఖమును ఎరిగినవాడుగాని పోల్చలేకుండెను. నేడు యంత్రమే పోల్చుచున్నది. 2020 ఢిల్లీ అల్లర్ల అనంతరము అట్టి సాధనముతో 1,100 మందికి పైగా గుర్తించితిమని కేంద్ర హోంమంత్రి ఆ సంవత్సరము మార్చిలో లోక్‌సభకు తెలిపెను. అల్లరి చేసినవానిని పట్టు యంత్రము శాంతముగా కూర్చున్నవానినిగూడ పట్టగలదు. నిరాయుధులై శాంతముగా సమావేశమగు హక్కును రాజ్యాంగపు 19వ అధికరణము ఇచ్చుచున్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేయనియు, బహిరంగ స్థలమునకు వచ్చినంత మాత్రమున అది నశింపదనియు 2017లో సుప్రీంకోర్టు తీర్పులో కలదు. ఈ రెండు హక్కులును ఒకే మనిషివి.

అట్లయిన, వద్దన్న ప్రతివాని మాటయు మన్నింపవలెనా? లాఠీ ఎత్తినవాడును వద్దనియే అనును. 2018లో ఢాకా విద్యార్థుల ఉద్యమమును చిత్రించి, దానినిగూర్చి మాట్లాడిన ఛాయాగ్రాహకుడు షాహిదుల్ ఆలం నూరు దినములకు పైగా చెరలో ఉండెను. కావున అభ్యంతరము ఎవరిదో, ఏల వచ్చినదో విచారింపవలెను. ఇతరులమీద చేయి ఎత్తినవాడు, పోలీసువాడు కానిండు, రాయి విసరిన ఆందోళనకారుడు కానిండు, తన చేతకు తానే జవాబుదారి. అతడు వద్దనుట సాక్ష్యమును చెరపుమనుటయే. ఎవరికిని కీడు చేయక కూర్చున్న కూలిమనిషి వద్దనుట తన కూటిని కాపాడుమనుట. మాట ఒకటే, అర్థములు రెండు.

సంశయము కలిగినప్పుడు ముందు కెమెరా దించి, పిమ్మట కారణమడుగుట మేలు. వెనుకనుండియు తీయవచ్చును, చేతులను, అట్టలమీది వ్రాతలను, సమూహమునంతటిని తీయవచ్చును. అందువలన కొన్ని మంచి బొమ్మలు పోవును, నిజమే. ఆ నష్టము మనది. బొమ్మ నిలిచి, పని పోయినచో ఆ నష్టము ఆమెది. చరిత్రకు సాక్ష్యము కావలెనని మనము చెప్పునప్పుడు, ఆ సాక్ష్యమునకు వెల ఎవరు చెల్లించుచున్నారో కూడ చెప్పవలసియున్నది.