పరదేశి ప్రాణమునకు వెల

మిరపకోతల కాలమున మన పల్నాటి పొలములకు ఆదోని ప్రాంతమునుండి కూలిజనము కుటుంబములతో వత్తురు. ఆ ఆదోనినుండియే చదువునకై అమెరికాలోని సియాటిల్ నగరమునకు బోయిన 23 ఏండ్ల యువతి 2023 జనవరి 23వ తేదీ రాత్రి వీధి దాటుచుండగా పోలీసుకారు ఢీకొని మరణించెను. గంటకు 25 మైళ్లు మించరాని త్రోవలో ఆ కారు 74 మైళ్ల వేగము నందుకొనెను. మరునాడు మరియొక పోలీసు అధికారి, ఆమె ప్రాణము విలువ స్వల్పమని, 11,000 డాలర్ల చెక్కు వ్రాసిన చాలునని ఫోనులో నవ్వుచు బలికెను. అతడు ధరించిన కెమేరాయే ఆ మాటలను పట్టుకొనెను. 2024లో వాని యుద్యోగము పోయెను. ప్రాణముల కిట్లు వెలకట్టు న్యాయవాదులను హేళన చేసితినేగాని ఆమెను గాదని అతడు చెప్పుకొనెను. ఆ సాకు మాకు రుచింపలేదు. అందలి ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు.

మన దేశమున మాత్రము జరుగునదేమి? 2009లో సుప్రీముకోర్టు స్థిరపరచిన పద్ధతిని, మృతుని యేటి ఆదాయమునుండి సొంత ఖర్చు తీసివేసి, 23 ఏండ్ల వయసువారి కైనచో మిగిలినదానిని 18 చేత గుణింతురు. అది కుటుంబము కోల్పోయిన రాబడికి పరిహారమేగాని ప్రాణపు వెల గాదని తెలిసినవా రందురు. నిజమే. అయినను మనము దానిని వెలగానే యెంచుచున్నాము.

నాదెండ్ల త్రోవలో సైకిలుపై బోవు కూలివానిని కారు పడద్రోసెనేని, గుమిగూడిన మేము మొదట నడుగునది "ఏ ఊరివాడు? ఎవరి తాలూకు?" అనియే. దెబ్బ యెంతయని పిదప. ఊరివాడైనచో పెద్దమనుష్యులు గట్టిగా బేరమాడుదురు. పరాయివాడైనచో ఆసుపత్రి ఖర్చులు చేతబెట్టి బస్సెక్కింతురు. అచ్చట నవ్వును లేదు, కెమేరాయును లేదు. అట్టి పంచాయితీలో నొకప్పుడు మేమును గూర్చుండి, ఇచ్చినది చాలునని తలయూపితిమి. ఆ మనుష్యుని పేరైన నడుగలేదు.