కోన్ నత్త విషం, నొప్పికి మందు

సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఆదిలాబాద్ లంబాడా తండాల్లో ఆడవాళ్ల దుస్తులకు గవ్వలు కుట్టి ఉంటాయి. కరీంనగర్ పల్లెల్లో ఒగ్గు పూజారి మెడలోనూ గవ్వల దండే. ఆ గవ్వల్లో బతికేవి నెమ్మదైన నత్తలు. వాటి దూరపు చుట్టమైన కోన్ నత్త మాత్రం వేటాడి బతుకుతుంది.

బంగాళాఖాతంలోనూ ఇవి ఉన్నాయి. పగలంతా ఇసుకలోనో రాళ్ల సందుల్లోనో దాక్కుని, చాలా జాతులు రాత్రివేళ బయటికొస్తాయి. కొన్ని పురుగులను తింటాయి, కొన్ని తోటి నత్తలను. చేపలను పట్టేవే అసలు ఆశ్చర్యం. బోలుగా ఉండే ముల్లులాంటి పంటితో పొడిచి విషం ఎక్కిస్తే చేప క్షణాల్లో బిగుసుకుపోతుంది. కోనస్ జియోగ్రాఫస్ అనే జాతి విషంలో ఇన్సులిన్ కూడా ఉందని, దాంతో చేప రక్తంలో చక్కెర పడిపోయి అది ఈదలేకపోతుందని 2015లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఈ జాతి కాటుకు మనుషులూ చనిపోయారు. విరుగుడు మందు లేదు. విహారానికి తీరం వెళ్లినప్పుడు, పెంకు ఎంత అందంగా ఉన్నా బతికున్న కోన్ నత్తను పిల్లల చేతికి ఇవ్వకండి.

ఆ విషంలోంచే మందు పుట్టింది.

ఫిలిప్పీన్స్‌లో పుట్టిన బాల్డొమెరో ఒలివెరా బృందం యూటా విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి ఈ విషాలను శోధించింది. కోనస్ మేగస్ అనే జాతి విషంలోని పదార్థాన్ని అనుసరించి తయారైన జికొనొటైడ్ అనే మందుకు 2004లో అమెరికా అనుమతి ఇచ్చింది. భరించలేని దీర్ఘకాలపు నొప్పికి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి చిన్న పంపుతో దీన్ని ఎక్కిస్తారు. మార్ఫిన్‌లా ఇది వ్యసనంగా మారదు.

మన తీరాల నత్తల విషాలపై బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పి. బలరామ్ బృందం పరిశోధన చేసింది. ఈ నత్తల్లో కోనస్ మిల్నెఎడ్వర్డ్సి అనే అరుదైన జాతికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇస్తోంది. దాని పెంకుతో వ్యాపారం చేయడం నేరం.