నీకెందుకు?

నా కారుకి కంపెనీ ఇచ్చింది తీసేసి వేరే ఇన్‌టేక్ మానిఫోల్డ్, స్పేసర్లు వేయించాలనుకున్నాను. పంజగుట్ట మెకానిక్ నుంచి ఇంట్లోవాళ్ల దాకా అడిగింది ఒకటే: "ఆడవాళ్లకి ఇవన్నీ ఎందుకు?"

మానిఫోల్డ్ సిలిండర్లకి గాలి పంచుతుంది. వేడిని తేలిగ్గా పోనివ్వని పదార్థంతో చేసిన స్పేసర్ ఇంజన్ సెగని దానికి పాకనివ్వదు. చల్లటి గాలిలో ఆక్సిజన్ ఎక్కువ. శక్తి కాస్త పెరగొచ్చు. ఆ కాస్త కోసం ఇంత ఖర్చా అంటారు.

పక్కనే అమీర్‌పేటలో అమ్మాయిలు ఏళ్లుగా కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటున్నారు. వాళ్లనెవరూ ఎందుకని అడగరు. జీతం వస్తుంది కదా! అంటే మనకి నిషిద్ధం యంత్రం కాదు, సరదా. ఇంటికి పనికొచ్చే కోరికకే అనుమతి.

మరి నా సరదాకి హద్దు లేదా? ఉంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. నా బండి పొగ పీల్చేది పంజగుట్టలో బస్సు కోసం నిలబడ్డ మరో స్త్రీ. "దీనివల్ల నాకేమవుతుంది?" అని ఆమె అడిగితే జవాబు చెప్పాలి, అవసరమైతే మానుకోవాలి. "నీకెందుకు?" అన్నవాళ్ల కోసం మాత్రం మానుకోను.