అనుచరుని ఋణం

పుదుచ్చేరిలో కోసపాళయం వంటి పేటలలో కాపురముండే సామాన్యులకు ఎదువార్ గుబేర్ అనే పేరు చరిత్ర గ్రంథాల వలన తెలిసినది కాదు. కూరగాయల సంచి పట్టుకొని పెద్దంగడికి పోతే అది గుబేర్ అంగడి. సాయంకాలం గాలి కోసం కడలి ఒడ్డుకు పోతే అది గుబేర్ వీధి. తమిళుల నోట ఆ పేరు ‘కుబేర్’గా మారి, తెలియనివారికి ధనాధిపతిని స్ఫురింపజేస్తున్నది కూడా. పేరు ఇంత స్థిరంగా నిలిచినా, ఆ మనిషి విశ్వాసపాత్రుడా, విశ్వాసఘాతకుడా అన్న ప్రశ్న మాత్రం తేలలేదు. అతనిని అనుసరించినవారిని గురించి అడిగితే చిక్కు మరింత బిగుసుకుంటుంది.

గుబేర్ 1894లో ఫ్రెంచి తండ్రికీ భారతీయ తల్లికీ జన్మించినాడు. 1947లో వెలసిన ఫ్రెంచి ఇండియా సోషలిస్టు పక్షానికి అతడే ప్రాణం. పేరుకు సోషలిస్టు పక్షమే గాని, ఆచరణలో అది ఫ్రెంచి పరిపాలనకు కుడిభుజంగా ఉండేది. 1951లో అతడు పారిస్‌లోని జాతీయసభకు ఫ్రెంచి ఇండియా ప్రతినిధిగా ఎన్నికైనాడు. ఆ పక్షంవారు గెలుపు కొరకు దౌర్జన్యానికి సైతం వెనుదీయలేదని విరోధులు ఘోషించేవారు. విలీనాన్ని కోరినవారికి ఆ దినాలలో గుబేర్ పేరు వినగానే ఒళ్లు మండేది.

అటువంటివాడు 1954 మార్చిలో ఒక్కసారిగా ఆవలి ఒడ్డుకు చేరినాడు. ఆ నెల 18వ తేదీన మంత్రులు, పురాధ్యక్షులు కూడి, ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే భారతదేశంలో విలీనం కావాలని తీర్మానించినారు. మాసాంతానికి నెట్టపాక్కంలో త్రివర్ణ పతాకం ఎగిరింది; అక్కడనే తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడినది. ఇది దేశభక్తి ఫలమా? అక్రమార్జన ఆరోపణలపై ఫ్రెంచి అధికారులు విచారణకు పూనుకొనగా అతడు దారి మార్చుకున్నాడని చరిత్రకారులు వ్రాస్తారు. రెండూ కలిసి ఉండవచ్చు. మనుష్యుని మనస్సులో ఒక్క కారణమే కాపురముండాలని నియమం లేదు కదా!

ఇచట ఆలోచింపవలసినది గుబేర్ మనస్సును గురించి కాదు, అతని వెంట నడిచినవారిని గురించి. వారి మెడ మీద మూడు ఋణాలున్నాయి: పదవినిచ్చిన ప్రభుత్వానిది, ఓటు వేసిన ప్రజలది, టిక్కెట్టు ఇచ్చిన నాయకునిది. మూడవ ఋణం తీర్చడానికై వారు మొదటిదానిని త్రోసివేసినారు, రెండవదానిని అడగనేలేదు. నాయకుని పట్ల ఇది పరమవిశ్వాసమే. ఫ్రాన్సు దృష్టిలో ఇది ద్రోహం. ఒకే అడుగు రెండు పేర్లతో పిలువబడినది.

అదే సంవత్సరం అక్టోబరు 18న కీళూరులో ప్రతినిధులు 178 మంది సమావేశమైనారు. 170 మంది విలీనానికి సరే అన్నారు, ఎనమండుగురు కాదన్నారు. ఆ ఎనమండుగురి నిర్ణయాన్ని నేడు సమర్థించవలసిన పని లేదు. దేశచరిత్ర వారికి ఎదురుగా నడిచినది. అయినా గాలి ఎటు వీస్తున్నదో స్పష్టంగా తెలిసిన తరువాత ఎదురు నిలవడంలో లాభం ఏమున్నది? లాభం లేని చోట నిలిచినవానిని మూర్ఖుడనవచ్చునేమో గాని, విశ్వాసఘాతకుడనడం కష్టం. నూట డెబ్బైమందిలో ఎందరు నమ్మి ఓటు వేసినారో, ఎందరు గాలిని చూచి వేసినారో లెక్కలో కనపడదు.

తెలుగువారు ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని సామెత చెప్పి విభీషణుని ఒక్క వాక్యంలో తేల్చివేస్తారు. ఇది కొంత అన్యాయం. విభీషణుడు రహస్యంగా పోలేదు. నిండుసభలో అన్నకు హితం చెప్పినాడు, తిట్లు తిన్నాడు, నలుగురు మంత్రులతో అందరూ చూస్తుండగా వెడలినాడు. కుంభకర్ణుడు కూడ అన్న చేసినది తప్పని ముఖం మీదనే అన్నాడు. అని, అతని కొరకే రణంలో పడిపోయినాడు. ఒకడు వెళ్లినాడు, ఒకడు నిలిచినాడు. ఇద్దరూ చెప్పవలసిన మాట చెప్పినారు. మరి విభీషణునికి మచ్చ ఎక్కడ అంటినది? రాముని శరణు చొచ్చిన వెంటనే సముద్రజలంతో లంకారాజ్యానికి అభిషిక్తుడైనాడే, అచ్చట! వెళ్లడంలో దోషం లేకపోయినా, ఖాళీ కాబోయే సింహాసనం మీద తానే కూర్చోవడం చూచేవారి కంటిలో నలుసువలె మెదులుతూనే ఉంటుంది.

కాంగ్రెసులో చేరిన గుబేర్ 1963 జూలై 1న పుదుచ్చేరికి మొదటి ముఖ్యమంత్రి అయినాడు. మరుసటి సంవత్సరం ఆగస్టు ఎన్నికలలో ముప్పది స్థానాలకు ఇరువది రెండు కాంగ్రెసువే. గెలిచిన పక్షం సెప్టెంబరులో ముఖ్యమంత్రిగా నిలిపినది గుబేర్‌ను కాదు, వెంకటసుబ్బా రెడ్డియార్‌ను. ఓడినందుకు కాదు, గెలిచిన తరువాత స్వపక్షమే పెద్దను ప్రక్కకు జరిపినది. అవసరాన్ని బట్టి విశ్వాసం మారవచ్చునని పదేండ్ల క్రితం నేర్పినవాడు అతడే కనుక, అతని నోట ఫిర్యాదు అంత శోభించదు. కాని గురువు చెడ్డ పాఠం నేర్పినంత మాత్రాన శిష్యులు ఆచరించినది మంచిదై పోదు.

ఈ కథ తెలుగు నేలకు కొత్త కాదు. 1984 ఆగస్టులో నందమూరి తారక రామారావును పదవీచ్యుతుని చేసినప్పుడు, శాసనసభ్యులు చెదరక ఆయన వెంట నిలువగా, ఒక మాసంలో ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయినాడు. 1995 ఆగస్టులో తన పక్షంలోని అధికసంఖ్యాకులు అల్లుడైన చంద్రబాబునాయుడు వెంట నిలిచినారు. పక్షాన్ని కాపాడుకొనడానికి వేరు మార్గం లేదని వారన్నారు; ఓట్లు తన పేరున వచ్చినవని ఆయన అన్నాడు. రెండు మాటలలోనూ సత్యమున్నది. ప్రజలను మరల అడగకుండానే ప్రభుత్వం చేతులు మారినది. 1996 జనవరిలో రామారావు కన్నుమూసినాడు.

ఇక చట్టం ఏమన్నది? 1985 నాటి ఫిరాయింపుల నిరోధక శాసనం ప్రకారం ఒక్కడు పక్షం విడిస్తే సభ్యత్వం పోతుంది. శాసనసభా పక్షంలో మూడవ వంతు మంది కలిసి విడిస్తే అది ‘చీలిక’, పోయేదేమీ లేదు. ఈ వెసులుబాటు 2003 సవరణ వరకు ఉన్నది. ఒంటరిగా చేస్తే ద్రోహం, గుంపుగా చేస్తే హక్కు! అనుచరుడు తీర్చవలసిన ఋణం ఇట్టి లెక్కలకు అందేది కాదు. ఎల్లకాలం విధేయుడై ఉండడమూ ఆ ఋణం కాదు. పోదలచినవాడు ఎదురుగా నిలిచి కారణం చెప్పి, ఆ నాయకుని నీడలో సంపాదించిన పదవిని అతని గుమ్మంలోనే విడిచి పోగలడా అన్నదే ప్రశ్న. గుబేర్ వెంట 1954లో నడిచినవారిని, తరువాత అతనిని దించినవారిని, ఇరువురినీ ఈ ప్రశ్న అడగవచ్చు.

గుబేర్ 1979లో మరణించినాడు. కీళూరులో విలీన స్మారకం ఉన్నది. కోసపాళయం నుండి సంచితో వెళ్లిన ఇల్లాలు గుబేర్ అంగడిలో చేపల ధర దగ్గర బేరమాడుతుంది. ఆ పేరు గలవాడు ఎవరిని విడిచినాడో, ఎవరు అతనిని విడిచినారో ఆమెకు పట్టదు. పొద్దెక్కకముందే ఇల్లు చేరాలి.