చచ్చినవాళ్ళు కరవకపోతే

జాంబీ సినిమాలు చూసేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. లేచి వచ్చిన ఆ శవం నిన్నటిదాకా ఎవరో ఒకరి నాన్న, లేదా భార్య, లేదా పక్కింటి పిల్లాడు. అయినా అది నోరు తెరుచుకుని మీదికి వస్తుంది కాబట్టి తల పగలగొట్టడానికి ఎవరూ సంకోచించక్కర్లేదు. 1968లో జార్జ్ రొమేరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీసినప్పటినుంచీ ఇదే ఒప్పందం. వాళ్ళు కరుస్తారు, వీళ్ళు కాలుస్తారు. మధ్యలో ఎవడికైనా ధర్మసందేహం వచ్చిందా, సినిమా సగం కాకముందే వాడు ఆహారమైపోతాడు.

మరి వాళ్ళు కరవకపోతే? ఇంటికొచ్చి ఊరికే కూర్చుంటే?

2024లో నార్వే నుంచి వచ్చిన ‘హాండ్లింగ్ ది అన్‌డెడ్’ గంటన్నరసేపు పట్టుకుని వేలాడేది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే. స్వీడన్ రచయిత యోన్ అయ్విదె లింద్‌క్విస్త్ 2005లో రాసిన నవల దీనికి ఆధారం. నవల స్టాక్‌హోమ్‌లో జరుగుతుంది, సినిమా ఆస్లోకి మారింది. దర్శకురాలు తేయా విస్తెన్‌డాల్‌కి పూర్తి నిడివి కథాచిత్రం ఇదే మొదటిది. నాతోబాటు కూర్చున్న మిత్రుడు ముప్పావుగంటకి కునుకు తీశాడు. లేచి, “ఏమైంది?” అన్నాడు. “ఏమీ కాలేదు, ముసలాయన ఇంకా మనవడి పక్కనే కూర్చుని ఉన్నాడు” అని చెప్పాల్సి వచ్చింది. అతను మళ్ళీ పడుకున్నాడు. అతన్ని తప్పుపట్టను. ఈ సినిమాకి అలాంటి ప్రేక్షకులే ఎక్కువ ఉంటారు.

కథ చెప్పడానికి పెద్దగా లేదు. వేసవిలో ఒకరోజు నగరంలో కరెంటు తిక్క తిక్కగా ప్రవర్తిస్తుంది, ఈమధ్యే పోయినవాళ్ళు కొందరు లేస్తారు. ఎందుకన్నది సినిమా పట్టించుకోదు. మూడు ఇళ్ళని చూపిస్తుంది. మాలర్ అనే వృద్ధుడు సమాధిలోంచి చప్పుడు విని, మనవడు ఎలియాస్‌ని తవ్వి తీసి ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ పిల్లాడి తల్లి ఆనా అప్పటికే దుఃఖంతో సగం చచ్చి ఉంది. తోరా అనే వృద్ధురాలికి, జీవితమంతా కలిసి బతికిన ఎలిసబెత్ అంత్యక్రియల తర్వాత తిరిగి ఇంటికొస్తుంది. డేవిడ్ భార్య ఈవా కారు ప్రమాదంలో పోయి, ఆసుపత్రిలోనే మళ్ళీ కదులుతుంది. ఈ మూడు కుటుంబాలూ ఒకదానికొకటి తగలవు. వచ్చినవాళ్ళు మాట్లాడరు. కళ్ళు తెరిచే ఉంటాయి, చూస్తున్నారో లేదో తెలియదు.

ఈ నిదానం వల్ల సినిమాకి ఒరిగిందేమిటని చాలామంది అడుగుతారు. నా మటుకు నాకు, ఆ నిదానం లేకపోతే ఈ సినిమాలో విషయమే లేదు. ఎలియాస్ మొహం మీద కెమెరా నిలిచిపోయినప్పుడు, మనం కూడా ఆనాలాగే ఆ కనురెప్ప ఇప్పుడు కదులుతుందేమో అని చూస్తూ కూర్చుంటాం. ఒక నిమిషం చూస్తే ఆశ. మూడు నిమిషాలు చూస్తే ఆ ఆశ ఎవరిదో అర్థం కావడం మొదలవుతుంది. ఆ పిల్లాడు ఏమీ కోరలేదు. తెచ్చుకున్నదీ, కూర్చోబెట్టుకున్నదీ, కనురెప్ప కోసం కాపలా కాస్తున్నదీ బతికి ఉన్నవాళ్ళు.

జాంబీ అన్న ఊహ పుట్టింది హైతీలో, చెరకుతోటల్లో చచ్చేదాకా పనిచేసిన బానిసల వారసుల మధ్య. అక్కడివాళ్ళకి జాంబీ కరుస్తుందన్న భయం లేదు. తాము జాంబీలుగా మారతామేమోనన్నదే భయం. చావుతోనైనా యజమాని చేతిలోంచి తప్పించుకోవచ్చు అనుకుంటే, ఆ చచ్చిన ఒంటిని కూడా ఎవడో లేపి పనిచేయించుకుంటాడని. హాలీవుడ్ ఆ భయాన్ని తీసుకెళ్ళి తలకిందులు చేసింది. ఈ నార్వే సినిమా తెలిసో తెలియకో పాత భయానికే తిరిగొచ్చింది. కాకపోతే ఇక్కడ యజమాని కొరడా పట్టుకున్నవాడు కాదు, ప్రేమించినవాడు. మాలర్ మనవడి చేత చేయించుకుంటున్న పని ఏమిటంటే, తమకోసం ఉండటం.

మన కథల్లోనూ లేచిన శవం ఉంది. ‘చందమామ’లో ఏళ్ళ తరబడి విక్రమార్కుడు దాన్ని భుజాన వేసుకుని నడుస్తూనే ఉన్నాడు. ఆ బేతాళుడు చెప్పిన పాత కథల్లో మందారవతి కథ ఒకటి. ఆమెకోసం వచ్చిన వరులు ముగ్గురు. పెళ్ళి కాకముందే ఆమె జ్వరంతో పోతుంది. ఒకడు శ్మశానంలో ఆమె బూడిద మీదే పడుకుంటాడు. ఒకడు అస్థికలు గంగకి తీసుకెళ్తాడు. మూడోవాడు దేశాలు తిరిగి, చచ్చినవాళ్ళని బతికించే మంత్రం సంపాదించుకొచ్చి ఆమెని లేపుతాడు. ఇప్పుడు ఆమె ఎవరి భార్య? ప్రాణం పోసినవాడు తండ్రితో సమానం, అస్థికలు కలిపినవాడు కొడుకుతో సమానం, బూడిదని వదలకుండా పడుకున్నవాడే భర్త అంటాడు రాజు. చిన్నప్పుడు ఈ తీర్పు నాకు భలే నచ్చింది. ఇప్పుడు మాత్రం ఒక సంగతి గుచ్చుకుంటోంది. లేచిన తర్వాత మందారవతి ఏమంటుందో ఎవరూ అడగలేదు, నోరున్న మనిషిగా లేచినా సరే. ఎలియాస్‌కి ఆ నోరు కూడా లేదు.

ఇక్కడ సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా నాన్నగారు పోయినప్పుడు తమ్ముడు ఫోన్ చేసి, “అన్నయ్యా, ఉంచమంటావా?” అని ఒక్క మాట అడిగాడు. అమెరికాలో ఉండే తెలుగువాడికి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఉంచమన్నాను. న్యూజెర్సీ నుంచి గుంటూరు జిల్లాలో మా ఊరికి చేరేసరికి రెండోరోజు మధ్యాహ్నం అయింది. వసారాలో అద్దెకి తెచ్చిన ఐస్‌బాక్స్, పైన అద్దం, దానిమీద పట్టిన చెమ్మని ఎవరో గుడ్డతో తుడుస్తున్నారు. మా మేనత్త నన్ను చూడగానే ఏడుపు ఆపి, “ఎంతసేపు పడుకోబెడతార్రా, ఆయనకి చలి పడదు” అంది. నిజమే, నాన్నకి చలి పడేది కాదు.

ఆ రెండు రోజులూ ఎవరికోసం? నాన్నకోసం కాదని మేనత్తకి తెలుసు, నాకూ తెలుసు. అయినా మళ్ళీ అలాంటి ఫోన్ వస్తే ఉంచమనే అంటాను. అద్దం తీశాక పాదం ముట్టుకున్నాను. ఆ పాదం నాన్నది కాదని చేతికి తెలిసింది. మనసుకి ఫోన్లోనే చెప్పారు గానీ, మనసు ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోలు కోసం అంత దూరం వెళ్ళాను, అది దొరికిన గంటలోపే ఆయన్ని లేపి తీసుకెళ్ళాం. సాగనంపడానికి ఆపడం ఒకటి, ఉంచుకోవడానికి ఆపడం ఇంకొకటి. రెంటికీ ఐస్‌బాక్స్ ఒక్కటే కాబట్టి బయటినుంచి చూసేవాడికి తేడా కనపడదు.

పోయినవాళ్ళు కొన్నాళ్ళు ఇంటి చుట్టూనే తిరుగుతారని నమ్మినవాళ్ళం మనం. అందుకే వాళ్ళతో ఏం చెయ్యాలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మా ఇళ్ళల్లో పదిరోజులు పిండం పెడతారు, కాకి ముట్టలేదని కంగారు పడతారు, పన్నెండోనాడు ప్రేతాన్ని పితృదేవతల్లో కలుపుతారు. కులాన్నిబట్టి, ఊరినిబట్టి రోజులు మారతాయి, దినమో పెద్దకర్మో ఏదో ఒక పేరుంటుంది. ఆ మంత్రాల్లో నాకు నమ్మకం ఎంతన్నది వేరే సంగతి. కానీ ఆ ఏర్పాటులో ఒక గడువుంది. ఫలానా రోజుదాకా అన్నం పెట్టు, ఆ తర్వాత వెళ్ళమను. మాలర్‌కి అలాంటి గడువు ఎవరూ ఇవ్వలేదు. దాంతో ఎప్పుడు ఆపాలో తెలియక, పిల్లాణ్ణి ఊరిబయట సరస్సు ఒడ్డున ఉన్న ఇంటికి తీసుకెళ్ళి దాస్తాడు.

అయితే మాట్లాడలేని శరీరానికి చేసే సేవంతా స్వార్థమే అని తేల్చేస్తే తొందరపాటు. ముంబైలో కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973లో జరిగిన దాడి తర్వాత ఇక కోలుకోలేదు. 2015లో పోయేదాకా, నలభై రెండేళ్ళు, అక్కడి నర్సులే చూసుకున్నారు. ఆమెకి ఆహారం ఆపనివ్వమని ఒక రచయిత్రి వేసిన పిటిషన్ 2011లో సుప్రీంకోర్టు ముందుకొచ్చినప్పుడు, ఆ నర్సులు ఒప్పుకోలేదు. కోర్టు కూడా వాళ్ళ మాటే మన్నించింది. అరుణ బతికే ఉంది, ఎలియాస్ చనిపోయాడు; రెండూ ఒకటి కాదు. కానీ అరుణ ఏం కోరుకుంటోందో ఎవరికీ తెలియదన్నది మాత్రం సమానం. ఆమె ఆసుపత్రిలో పడేనాటికి పుట్టని పిల్లలు కూడా పెరిగి, నర్సులై, ఆమెకి స్నానం చేయించారు. ఆ చేతుల్ని స్వార్థమనడానికి నాకు నోరు రాదు. వాళ్ళు ఆమె తిరిగి తమకి ఏదో అవుతుందని ఎదురుచూడలేదు. మాలర్ ఎదురుచూస్తాడు. తేడా అక్కడే ఉందేమో.

సినిమా మీద నా ఫిర్యాదు ఇంతకంటే పెద్దది. ఇంత ఓపికగా ప్రశ్న వేసి, చివరికి దర్శకురాలు పాత ఒప్పందానికే లొంగిపోయింది. ఆసుపత్రిలో ఈవా దగ్గరికి కొడుకు పుట్టినరోజు కుందేలుపిల్లని తెస్తారు. ఆమె దాన్ని చేతుల్లోకి తీసుకుని, పిల్లల కళ్ళముందే నలిపి చంపేస్తుంది. అక్కడినుంచి కరవడాలు మొదలవుతాయి. హాల్లో అయితే ఆ దృశ్యానికి జనం ఉలిక్కిపడి ఉంటారు. నాకు మాత్రం ఉసూరుమనిపించింది. ప్రమాదకరమని తేలిపోయాక వదిలెయ్యడం కష్టమేమీ కాదు. ఈవా ఎప్పటికీ ఎవరినీ ఏమీ చెయ్యకుండా అలా కూర్చునే ఉంటే, డేవిడ్ ఆ పిల్లలకి ఏం చెప్పేవాడు? ఆ సినిమా తీసి ఉంటే నా మిత్రుడు ఇంకా ముందే నిద్రపోయేవాడేమో గానీ, నేను రాత్రంతా మేలుకునేవాణ్ణి.

చివర్లో ఆనా ఎలియాస్‌ని పడవలో సరస్సు మధ్యకి తీసుకెళ్ళి నీళ్ళకి అప్పగిస్తుంది. రెనాటె రైన్‌స్వె ఆ సన్నివేశంలో ఏడవదు, చేతులు మాత్రం నెమ్మదిగా వదులుతాయి. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే నచ్చిన పని అదే. మా ఆవిడ ఒప్పుకోదు. తోరా మాటేమిటి అంటుంది. ఎలిసబెత్‌ని పట్టుకుని, నీనా సిమోన్ పాట పెట్టుకుని, చచ్చిన మనిషితో ఒంటరిగా నాట్యం చేస్తుంది ఆ ముసలావిడ. ఎవరికీ అప్పగించదు. “ఆ వయసులో ఆమెకి ఇంకెవరున్నారు? నువ్వైతే నన్ను నీళ్ళలో వదిలేస్తావన్నమాట” అని మా ఆవిడ అడిగింది. సమాధానం చెప్పేలోపు లేచి వెళ్ళి టీ పెట్టింది.