ఎవరి నష్టంతో నేర్చుకోవాలి?

బోన్సాయ్ అనగానే చిన్న కుండీ, చిన్న మొక్క స్ఫురిస్తాయి. అమెరికాలో నేనా విద్య నేర్చుకొన్నది మాత్రం రాకీ పర్వతాలనుంచి త్రవ్వి తెచ్చిన పెద్ద జూనిపర్ చెట్లమీద. యిట్టివాటిని జపానువారు యమదోరి అంటారు. యేళ్లతరబడి గాలీ మంచూ వాటి మానును మెలివేశాయి. చచ్చిన కొయ్య తెల్లగా యెండిపోగా, సన్నని బెరడుపట్టీలు మాత్రమే వేళ్లనుంచి కొమ్మలకు ప్రాణం మోస్తుంటాయి.

కొయ్య చెక్కుతూ వొకనాడు నేనొక పట్టీని తెగగోశాను. కొన్ని నెలల్లో దాని కొమ్మ యెండిపోయింది. "అందరికీ జరిగేదే. నేర్చుకొన్నావు గదా!" అన్నాడు గురువు.

ఆ వోదార్పు నాకు మింగుడుపడలేదు. నేర్చుకొన్నది నేను, మూల్యం చెల్లించింది చెట్టు. ధర్మాసుపత్రిలో పేదవాడి దేహంమీద వైద్య విద్యార్థి చేయి తిప్పుకొంటాడు. పల్లెటూరి బడిపిల్లలమీద కొత్త పంతులు బోధన అభ్యసిస్తాడు. లెక్క అక్కడా యిదే. అడగలేనివాడే మన పాఠానికి రుసుము కడుతున్నాడు.

దేనిమీదా చేయి వేయకుండా యే విద్యా రాదనవచ్చు. నిజమే. ముసలి మాను నేర్పేది నర్సరీలోని లేతమొక్క నేర్పదు. కాని జపానులో షికోకు ద్వీపపు యిషిజుచి కొండల షింపాకు జూనిపర్లు సేకర్తల చేతుల్లో 20వ శతాబ్దంలోనే చాలావరకు తరిగిపోయాయి. నేర్చేవాడి అవసరం హక్కు కాదు, అప్పు. కొండ దిగిన జూనిపర్ కొత్త వేళ్లు పట్టేదాకా, యేళ్లయినా సరే, కత్తెర తాకించరాదు. పాఠం వేగాన్ని చెట్టే నిర్ణయించాలి.

యెండిన ఆ కొమ్మ బెరడు వొలిచి తెల్లబరిస్తే 'జిన్' అనే అలంకారమవుతుంది. నా తప్పు కళగా చలామణీ అవుతుంది. వొలిచాను. కాని చూడవచ్చినవారితో చెబుతూనే వున్నాను: అది గాలి చేసిన పని కాదు, నేను చేసింది.