ప్రభువు చేతులతో మాట్లాడెను

ధ్యాన భాగము: మార్కు సువార్త 7:31-37



ఈ మాసము మనము ధ్యానించు వాక్యభాగమును నేను అనేక పర్యాయములు ప్రసంగించితిని. అయినను దానిని సరిగా చదివినది ఇటీవలనే. ఎట్లు చదివితినో చెప్పుటకు ముందు నా తప్పిదమొకటి మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది.

మూడు సంవత్సరముల క్రిందట కోత పండుగ ఆరాధన ముగిసిన పిమ్మట, విశ్వాసులు ఒక్కొక్కరుగా వచ్చి వందనములు చెప్పి వెళ్లుచుండిరి. ఒక విధవరాలు దగ్గరకు వచ్చి తల వంచుకొని మెల్లగా ఏదో చెప్పెను. ఆ దినమున అందరును పంటను గూర్చిన మంచి సమాచారములే చెప్పుచుండిరి. ఈమె మాటయు అట్టిదే అనుకొని నేను నవ్వి, “దేవునికి స్తోత్రము తల్లీ” అంటిని. ఆమె ఒక్కమారు నా ముఖము వైపు చూచి, మారు మాటాడక వెళ్లిపోయెను. ఇంటికి వచ్చిన తరువాత నా భార్య చెప్పినది: ఆమె కుమార్తెకు పుట్టిన బిడ్డ ఆ తెల్లవారుజామున చనిపోయెనట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి రెండేండ్లుగా నా ఎడమ చెవి వినికిడి పోవుచుండెను; కుడి చెవియు మందగించుచుండెను. ఆ సంగతి నా భార్యకు తప్ప ఎవరికిని తెలియదు. వినబడనప్పుడు తల ఊపుటయు, నవ్వుటయు, స్తోత్రమనుటయు నేర్చుకొంటిని. చెవిటి అయ్యగారు మనకెందుకని సంఘ పెద్దలు అందురేమో అని నా భయము. నా సిగ్గును కాపాడుకొనుటకై ఒక తల్లి దుఃఖమును త్రొక్కి నడిచితిని.

మరునాడు ఆమె ఇంటికి వెళ్లి, నేలమీద కూర్చుండి, నాకు చెవులు సరిగా వినబడవని మొదటిసారి నోరు విప్పి చెప్పితిని. ఆమె కన్నీళ్లు తుడుచుకొని, నా కుడి చెవి దగ్గరకు జరిగి, “ముందే చెప్తే గట్టిగ చెప్తుంటి గద అయ్యగారూ! ఇందుల దాచుకునేదేముంది?” అనెను. నన్ను అంత సుళువుగా క్షమించినవారు నా జీవితములో మరి యొకరు లేరు.

అటు తరువాత హైదరాబాదు వెళ్లి, కోఠిలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రిలో పరీక్ష చేయించుకొంటిని. లోపలి నరమునకు సంబంధించిన లోపమనియు, మందుతో తిరిగి రాదనియు, యంత్రము పెట్టుకొనిన మేలనియు వైద్యులు తెలిపిరి. యంత్రము పెట్టించుకొనిన దినమున పంజగుట్టలోనున్న బంధువుల ఇంటికి బస్సెక్కితిని. కండక్టరు మాట తప్పుగా విని లక్డీకాపూల్‌లోనే దిగిపోతిని.

ఆ స్థలము మీలో కొందరు ఎరిగినదే. పసిబిడ్డలను ఎత్తుకొని నీలోఫర్ ఆసుపత్రికి వెళ్లువారు అక్కడనే దిగుదురు. ఉర్దూలో ఆ పేరునకు కట్టె వంతెన అని అర్థము. ఇప్పుడు అక్కడ క్రింద రైలు, నడుమ బస్సులు, 2018 నుండి పైన మెట్రో. క్రొత్త యంత్రము వీటి ధ్వని యంతయు పెద్దది చేసి నా చెవిలో క్రుమ్మరించెను; మనుష్యుల మాట మాత్రము తెలియలేదు. చుట్టునున్న వారును ఒకరి చెవిలో ఒకరు అరచుకొనుచుండిరి.

ఆ గోలలో నలుగురు యౌవనస్థులు నాకు కనబడిరి. ముగ్గురు నా ప్రక్కన, ఒకడు రోడ్డుకు ఆవల నిలిచి, చేతులతో మాటలాడుకొని నవ్వుచుండిరి. అంత దూరమున ఒక్క మాటయు వారికి తప్పిపోలేదు. అక్కడ చెవిటివారు ఎవరు, వినువారు ఎవరు అని నాలో నేను అనుకొంటిని.

వారిలో ఒక చెల్లెలు నా చెవి యంత్రమును, నా తికమకను చూచి దగ్గరకు వచ్చెను. తన ఫోనులో “ఎక్కడికి పోవాలి?” అని తెలుగులో వ్రాసి చూపెను. నేను వ్రాసి చూపగా ఏ బస్సెక్కవలెనో చెప్పెను. నా సంచిలోని బైబిలును చూచి నమస్కరించెను. నీవు దేవుని మందిరమునకు వెళ్లుదువా అని వ్రాసి అడిగితిని. ఆమె కొంచెము తడవు ఆలోచించి ఇట్లు వ్రాసెను: “చిన్నప్పుడు అమ్మతో వెళ్లేదాన్ని. రెండు గంటలు అందరి నోళ్లు కదలడం చూసేదాన్ని. ఇప్పుడు వెళ్లను.”

బస్సు వచ్చెను, నేను ఎక్కితిని. ఆ మూడు వాక్యములు నన్ను విడువలేదు. ఆ కన్నులతోనే మార్కు సువార్త ఏడవ అధ్యాయమును మరల చదివితిని.

1. ప్రభువు వానిని ప్రక్కకు తీసికొనిపోయెను

దెకపొలి ప్రాంతమున చెవుడును నత్తియు గల ఒకనిని జనులు ప్రభువునొద్దకు తెచ్చిరి. ప్రభువు వానిని జనసమూహములోనుండి ఏకాంతమునకు కొనిపోయెను. ఇతరులను బహిరంగముగా స్వస్థపరచిన ప్రభువు వీనిని మాత్రము ఎందుకు ప్రక్కకు తీసికొనిపోయెను? నాకు తోచినది చెప్పెదను. సరిగా వినబడని వానికి గుంపంటే భయము. పది నోళ్లు ఒక్కసారి కదలును. ఎటు చూడవలెనో తెలియదు. ఒక్కరు ఎదురుగా నిలిచి, వెలుతురులో ముఖము చూపి, నిదానముగా మాటాడిన యెడల ఎంతో తెలియును. ప్రభువు వాని అవస్థ ఎరిగి, వాని చూపు తన ముఖముమీదనే నిలుచునట్లు చేసెను.

2. ప్రభువు వానికి తెలియు భాషలో మాటాడెను

ప్రభువు ముందుగా నోట మాట పలుకలేదు. తన వ్రేళ్లు వాని చెవులలో పెట్టెను, ఉమ్మివేసి వాని నాలుక ముట్టెను, ఆకాశము వైపు కన్నులెత్తెను, నిట్టూర్చెను. ప్రియులారా, ఇవన్నియు సైగలు కావా? నీ చెవి సంగతి, నీ నాలుక సంగతి నేనెరుగుదును. సహాయము పైనుండి వచ్చును. నీ బాధ నా బాధ అని చేతులతోను ముఖముతోను చెప్పెను. ఎఫ్ఫతా అను మాట, అనగా తెరవబడుమను మాట, ఆ తరువాతనే పలికెను. చెవులు తెరవబడక ముందే వాడు ప్రభువును గ్రహించియుండెనని నా నమ్మకము.

ఇదియే ఈ మాసపు వర్తమానము. వాని చెవులు బాగగువరకు ప్రభువు మాటాడుటకు ఆగలేదు. మనమైతే ఆగుచున్నాము. బాగుపడిన తరువాత వాక్యము విననిమ్మని, అంతవరకు వారిని మూలను కూర్చుండబెట్టుచున్నాము.

లూకా సువార్త మొదటి అధ్యాయమునందు జెకర్యాకు నోట మాట పోయినప్పుడు బంధువులు ఆయనతో సైగలు చేసిరి. ఆయన పలక అడిగి కుమారుని పేరు వ్రాసెను. యోహాను నామము లోకమునకు తెలిసినది ఒక పలకమీద. లక్డీకాపూల్‌లో ఆ చెల్లెలు నాకు చూపిన ఫోనును అట్టి పలకయే.

3. నేరము ఎవరిది?

వినుటవలన విశ్వాసము కలుగునని పౌలు చెప్పెను గదా, వినలేని వారి మాటేమి అని కొందరు అడుగుదురు. పౌలు చెప్పినది క్రీస్తు వార్త మనుష్యుని చేరవలెనని. అది చెవి గుండ చేరినను, కన్ను గుండ చేరినను చేరినదే. మీరు ఈ పత్రిక చదువుట కంటితోనే గదా!

తలిదండ్రుల పాపమే కారణమని మరికొందరు అందురు. పుట్టు గ్రుడ్డివాని విషయమై ఆ మాటను ప్రభువు యోహాను తొమ్మిదవ అధ్యాయములో త్రోసివేసెను. విశ్వాసము చాలనందున వినబడుటలేదని చెప్పి చెవి యంత్రము తీసివేయించుట మరియు క్రూరము. స్వస్థతకై ప్రార్థింతము, అయితే స్వస్థత రానివాని విశ్వాసమునకు తీర్పు తీర్చకుందము.

చెవిటివానిని తిట్టరాదని లేవీయకాండము 19వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. వాడు వినడు గదా, తిట్టిన ఏమని మనుష్యుడు అనుకొనును, దేవుడు వినుచున్నాడు. మన గ్రామములలో తల్లి పెట్టిన పేరు విడిచి, “చెవిటోడా, మూగోడా” అని పిలుచుటయు తిట్టే. యెషయా 42వ అధ్యాయములోనైతే దేవుడు తన సేవకునినే చెవిటివాడని గద్దించెను. ఆ చెల్లెలి మాట విన్న దినమున ఆ గద్దింపు నాదేనని ఎరిగితిని.

4. తెలిసికొనవలసిన సంగతులు

వినికిడి లోపము మనమనుకొనునంత అరుదైనది కాదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున 50 లక్షల మందికి పైగా ఈ లోపము గలవారిగా వ్రాయబడిరి. చికిత్సయో సహాయమో కావలసినంత లోపము గలవారు లోకమంతట 43 కోట్లకు పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో తెలిపినది.

మేనరికపు పెండ్లిండ్లు, గర్భిణికి సోకు రుబెల్లా జ్వరము, పుట్టిన బిడ్డకు ముదిరిన పచ్చకామెర్లు, చీము కారు చెవిని అశ్రద్ధ చేయుట, విపరీతమైన శబ్దము, ఇవి ముఖ్య కారణములలో కొన్ని. చెవిలో కాచిన నూనె పోయకుడి, పుల్లలతో కెలుకకుడి. ఆరాధనలో చెవులు చిల్లులు పడునట్లు మైకులు పెట్టుటయు తగదు. దేవుడు మెల్లని స్వరమును వినును.

బిడ్డకు నెల నిండులోగా వినికిడి పరీక్ష, మూడు నెలలలోగా నిర్ధారణ, ఆరు నెలలలోగా సహాయము జరుగవలెనని వైద్యులు చెప్పుదురు. మాటలు ఆలస్యముగా వచ్చునులే అని యేండ్లు గడపకుడి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రమున్నది. వినికిడి లోపము గలవారి కొరకు 1983లో బొంబాయిలో ఆరంభమైన ఆ సంస్థకు మన హైదరాబాదు వాడైన అలీ యావర్ జంగ్ పేరు పెట్టిరి.

సైగల భాష కోతి చేష్ట కాదు. వ్యాకరణముగల నిజమైన భాష. భారతీయ సంజ్ఞా భాష కొరకు 2015లో ఢిల్లీలో ప్రభుత్వ కేంద్రము స్థాపింపబడెను. 2018లో 3,000 పదములతో వెలువడిన దాని నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగెను. 1951 సెప్టెంబరు 23న రోములో ప్రపంచ బధిరుల సమాఖ్య స్థాపింపబడినందున, 2018 నుండి ఆ తేదీని సంజ్ఞా భాషల దినముగా ఐక్యరాజ్య సమితి ఆచరించుచున్నది. పొరుగున తమిళదేశమందలి పాళయంకోటలో ఫ్లోరెన్స్ స్వైన్‌సన్ అను మిషనరీ దొరసాని 1890ల లోనే బధిర పిల్లలకు బడి పెట్టెను. ఆ పని మన పితరుల సంఘమునకు క్రొత్త కాదు, మనమే మరచితిమి.

5. మన సంఘములో చేయదగినవి

వినబడనివారికి ముందు వరుసలో చోటిచ్చుడి. ప్రసంగించువాడు వెలుతురు తన ముఖముమీద పడునట్లు నిలిచి, నోటికి పుస్తకము అడ్డము పెట్టక మాటాడవలెను. వాక్యభాగమును, ముఖ్యాంశములను నల్లబల్లమీద వ్రాయుడి. సండే స్కూలు పిల్లలకు పది సైగలైనను నేర్పుడి. వారు మనకంటె త్వరగా నేర్చుకొందురు. మాటాడుటకు ముందు భుజము తట్టుడి. “ఏమిలే, తరువాత చెప్తాను” అని త్రోసివేయకుడి; ఆ మాట ఎంత నొప్పించునో నేనెరుగుదును. చెవులు మందగించిన పెద్దలారా, నా వలె దాచుకొనకుడి. మీరు చెప్పిన యెడల దగ్గరకు జరిగి మాటాడువారు దొరకుదురు.

మా మందిరములో ఇప్పుడు నల్లబల్ల యున్నది. ఆ విధవరాలు ప్రతి ఆదివారము నా కుడి ప్రక్కకు వచ్చి నిలిచి, తన సంగతులు గట్టిగా చెప్పును. లక్డీకాపూల్ చెల్లెలు ఎక్కడ నున్నదో నేనెరుగను. ఏదో యొక ఆదివారము ఆమె ఏదో యొక మందిరపు గుమ్మములో నిలిచినప్పుడు, అక్కడి వారిలో ఒక్కరైనను చేతులెత్తి ఆమెకు వందనము చెప్పుదురు గాక.

ప్రార్థన: చెవిని, నోటిని, చేతిని చేసిన తండ్రీ, వినబడని నీ బిడ్డలను మూలను కూర్చుండబెట్టిన మా నేరము క్షమించుము. మా చెవులను తెరువుము, మా చేతులకు మాటలు నేర్పుము. ప్రభువైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.